పర్యావరణ నీతి పాఠం చెప్పే సార్లకు, మేడమ్‌లకు: ఒకసారి షామియానా కిందికి రండి

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట జిల్లాల కాలేజీల్లో, యూనివర్సిటీల్లో పర్యావరణ అధ్యయనం, తత్వశాస్త్రం, సోషియాలజీ చెప్పే అధ్యాపకులందరికీ నమస్కారం.

సూటిగా విషయంలోకి వస్తాను. మన దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీయో ఫార్మా యూనిటో రావాలంటే చాలాసార్లు ముందు ఊరి బయట ఒక షామియానా పడుతుంది. దాన్ని ప్రజాభిప్రాయ సేకరణ అంటారు. పోలీసులు అందరికంటే ముందు వస్తారు, తర్వాత కంపెనీవాళ్లు బండ్లల్లో తెచ్చిన జనం, తర్వాత ఊరి జనం, పార్టీలవాళ్లు, యూట్యూబ్ ఛానెళ్లవాళ్లు, నాలాంటి పిలవని పేరంటగాళ్లు. రానిది మీరే. పర్యావరణ నీతి మీద పేపర్లు రాసినవాళ్లు, సెమినార్లు పెట్టినవాళ్లు ఈ జిల్లాల్లో బాగానే ఉన్నారు కదా, నేను వెళ్లిన సభల్లో ఒక్కరు కూడా మైకు దగ్గర కనబడలేదు. ఎందుకు రారని నిలదీయడానికే ఈ ఉత్తరం రాయడం లేదు (కొంచెం నిలదీయడానికి కూడా అనుకోండి). మీరు క్లాసులో బోర్డు మీద రాసే ప్రశ్నలన్నీ ఆ షామియానా కింద తేలిపోతున్నాయి, మీరు లేకుండా తేలిపోతున్నాయి, చాలాసార్లు తప్పుగా తేలిపోతున్నాయి.

మీ పాఠం నాకు కొత్తేమీ కాదు, ఆ పేపర్ రాసి పాసైనవాణ్ణే. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణం తప్పనిసరిగా చదివించమంది, ఆ తర్వాత పన్నెండేళ్లకు గానీ యూజీసీ డిగ్రీ పిల్లలందరికీ ఆరు నెలల సిలబస్ తయారు చేయలేదు. అందులో పర్యావరణ నీతి అని ఒక అంశం ఉంది, చివరి యూనిట్‌గా ఫీల్డ్ వర్క్ ఉంది, దగ్గర్లో ఉన్న కలుషితమైన చోటికి పోయి చూసి రాయాలని స్పష్టంగా ఉంది. మా కాలేజీలో ఆ ఫీల్డ్ వర్క్ మొత్తం జిరాక్స్ సెంటర్‌లో జరిగింది. మీ దగ్గర అలా జరగదనే అనుకుంటాను.

ఆ మధ్య ఒక సభ. ఎటుపక్క ఊరో చెప్పను. గుట్ట తవ్వి రాయి తీసే ప్రాజెక్టు. దుమ్ము గురించి, బోర్ల గురించి, బ్లాస్టింగ్‌కు గోడలు పగిలే సంగతి గురించి చాలామంది మాట్లాడారు, అవన్నీ అధికారులు రాసుకున్నారు. అప్పుడొక పెద్దామె లేచి మైకు పట్టుకుని, "ఈ గుట్టకు మేం ఏటేటా బోనం చేస్తం సారూ, మా అత్త చేసింది, ఆమె అత్త చేసింది, రేపు నా కోడలు ఎవలకు చెయ్యాలె?" అని అడిగింది. వేదిక మీద ఉన్నాయన మర్యాదగానే చెప్పాడు, "అమ్మా, అది మతపరమైన విషయం, పర్యావరణానికి సంబంధించి ఏమన్నా ఉంటే చెప్పండి" అని. ఆమె కూర్చుంది. తర్వాత వచ్చిన మినిట్స్‌లో, అంటే సభ రికార్డులో, ఆమె మాట "సెంటిమెంట్" అనే ఒక్క ముక్కలో పోయింది.

మీలో ఒక్కరు అక్కడ ఉండి ఉంటే ఏం జరిగేదో ఆలోచించండి. ప్రకృతికి విలువ ఉందంటే అది మనిషికి పనికొచ్చే విలువా, లేక దానికదే ఉన్న విలువా అని మీ తత్వవేత్తలు యాభై ఏళ్లుగా కొట్టుకుంటున్నారు. ఆ పెద్దామె చెప్పింది ఈ రెండు డబ్బాల్లో దేనిలోనూ పట్టదు. గుట్ట తనకు పనికొస్తుందని ఆమె అనలేదు, తనతో పనిలేకుండా గుట్ట గొప్పదనీ అనలేదు, గుట్టకూ తన ఇంటికీ నడుస్తున్న ఒక వరస గురించి చెప్పింది. దీన్నే ఇప్పుడు సంబంధ విలువ అని పేరు పెట్టి పెద్ద పెద్ద అంతర్జాతీయ నివేదికల్లో కూడా రాస్తున్నారు. ఆ ఒక్క ముక్క ఒక అధ్యాపకుడు లేచి, తన ఉద్యోగ హోదాతో సహా చెప్పి, "ఇది పర్యావరణ అంశమే, రికార్డు చేయండి" అని ఉంటే మినిట్స్‌లో ఇంకో వాక్యం ఉండేది. మినిట్స్‌లో ఉన్నదే రేపు అనుమతి సంగతి చూసే నిపుణుల కమిటీ ముందుకు పోతుంది, అవసరమైతే చెన్నైలో పర్యావరణ కేసులు వినే గ్రీన్ ట్రిబ్యునల్ ముందుకు పోతుంది. లేనిది ఎక్కడికీ పోదు.

ఈ సభలకు రూల్సు పెట్టిన 2006 నాటి కేంద్ర పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ చదివితే ఈ సభ ఎంత సన్నని సందో తెలుస్తుంది. ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కలెక్టరో అదనపు కలెక్టరో కూర్చోవాలి, వీడియో తీయాలి, బాగానే ఉంది. కోరం మాత్రం అక్కర్లేదు, ఇంతమంది వస్తేనే మొదలుపెట్టాలని లేదు. పర్యావరణ ప్రభావ నివేదిక కంపెనీ డబ్బులిచ్చి పెట్టుకున్న కన్సల్టెంట్ రాస్తాడు, వందల పేజీలు, ఇంగ్లిష్‌లో. మనకు తెలుగులో వచ్చేది సారాంశం మాత్రమే. ఆ సారాంశంలో ఉండే తెలుగు చదివితే రాసినవాడికైనా అర్థమైందా అని అనుమానం వస్తుంది. "ఈ భూమి బీడు, పొదలు తప్ప ఏమీ లేవు" అనే వాక్యం చాలా రిపోర్టుల్లో ఉంటుంది. గొర్రెలు, మేకలు మేపుకునేవాళ్లకు ఆ బీడే బతుకు, తంగేడు, బలుసు, పరికి, రేగు, సీతాఫలం అన్నీ ఆ పొదల్లోనే. బీడు అనడంలోనే ఒక తత్వం ఉంది సార్, పంట పండనిది, కలప ఇవ్వనిది ఏదైనా ఖాళీయే అనే తత్వం. దానికి ఎదురు చెప్పాలంటే మేం అరవగలం, మీరు వాదించగలరు. రెండూ కావాలి.

ఉద్యమాలు వేరు, సిద్ధాంతం వేరు, మా పని ఆలోచించడం అని మీలో కొందరు అంటారు. మీరు చెప్పే సిద్ధాంతాలే అలా పుట్టలేదు మరి. ఆల్డో లియోపోల్డ్ అమెరికాలో అడవి ఉద్యోగి, తోడేళ్లను కాల్చినవాడు, ఆ పనిలోంచే భూమి నీతి (నేల, నీళ్లు, చెట్లు, జంతువులు కూడా మన సమాజంలో భాగమే) అనే ఆలోచన తీశాడు, అది 1949లో ఆయన చనిపోయాక అచ్చయింది. డీప్ ఎకాలజీ (మనిషికి పనికొచ్చినా రాకున్నా ప్రతి జీవికీ విలువ ఉందనే తత్వం) అనే మాట పుట్టించిన ఆర్నె నేస్ నార్వేలో తత్వశాస్త్రం ప్రొఫెసర్. 1970లో మార్డోలా జలపాతాన్ని కరెంటు ప్రాజెక్టు కోసం మళ్లించబోతే వందల మందితో పాటు పోయి అక్కడ కూర్చున్నాడు, పోలీసులు మోసుకుని బయట పడేశారు. ఆ తర్వాత మూడేళ్లకు, 1973లో, పైపైన చేసే పర్యావరణవాదం వేరు, లోతైనది వేరు అంటూ తన ప్రసిద్ధ వ్యాసం అచ్చేశాడు. అదే 1973లో రిచర్డ్ రౌట్లీ అనే తత్వవేత్త బల్గేరియాలో తత్వవేత్తల మహాసభలో నిలబడి, లోకంలో ఆఖరి మనిషి పోతూపోతూ చెట్లను, జంతువులను, ప్రాణమున్న అన్నిటినీ నాశనం చేసి పోతే తప్పా కాదా అని అడిగాడు. అదే ఏడు వసంతంలో హిమాలయాల్లో గఢ్వాల్‌లోని మండల్ ఊరివాళ్లు క్రీడా సామగ్రి కంపెనీకి ఇచ్చిన చెట్లను కొట్టనివ్వకుండా చిప్కో (చెట్లను కౌగిలించుకుని కాపాడే ఉద్యమం) మొదలుపెట్టారు. ఇంకో సంగతి, ఆ నేస్ గాంధీని జీవితమంతా చదివినవాడు, గాంధీ రాజకీయ నీతి మీద పుస్తకాలు రాసినవాడు, ఆ జలపాతం దగ్గర కూర్చోవడం నేర్చుకున్నది గాంధీ దగ్గరే. నల్లగొండలో మన యూనివర్సిటీ గేటు మీద ఎవరి పేరుందో మీకు నేను గుర్తు చేయాలా?

మార్డోలాలో ప్రాజెక్టు ఆగలేదు, అది కూడా చెప్పాలి. ఇప్పుడు వేసవిలో టూరిస్టుల కోసం కొన్ని వారాలు మాత్రం జలపాతంలోకి నీళ్లు వదులుతారట.

ఇంతవరకు మీ తప్పే చెప్పాను, మీ సిద్ధాంతాల సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే వాటిని యథాతథంగా తెచ్చి మా మీద రుద్దినా పని జరగదు. నార్వేలో నేస్ నీళ్లను మళ్లించొద్దని కూర్చున్నాడు. నల్లగొండలో మనం నీళ్లు మళ్లించి తెమ్మని కొట్లాడాం. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు భూమి కింద గ్రానైట్ ఉంది, ఆ రాయిలోంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి వస్తుంది, ఏ కంపెనీవాడూ కలపలేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు అంటారు, మనవాళ్లు దానికి ఎన్నో రెట్లు ఉన్న బోరు నీళ్లు తాగి పళ్లు గారకట్టి, ఎముకలు వంగి, నడుములు పట్టేసి బతికారు. నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరే పెట్టారు, ఆ పేరు ప్రపంచమంతా తిరిగింది, నీళ్లు మాత్రం రాలేదు. 1996లో జల సాధన సమితి పిలుపుతో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు, బ్యాలెట్ పేపర్ పుస్తకమైపోయింది, ఎన్నిక వాయిదా పడింది, అప్పుడు గానీ దేశానికి ఇక్కడి నీళ్ల సంగతి తెలియలేదు. ప్రకృతిని దాని మానాన వదిలెయ్యాలి అనే పాఠం మర్రిగూడలో చెప్పి చూడండి. వింటారు, వినరని కాదు, ఒక గ్లాసు బోరు నీళ్లు మీ చేతికిచ్చి మరీ వింటారు.

అట్లని ఆ పాఠం పనికిరాదని తేల్చేయడానికీ లేదు. ఆ నీళ్లు తేవడానికే ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం, శ్రీశైలం నుంచి దాదాపు 44 కిలోమీటర్లు, నల్లమల అడవి కింద నుంచి. పైన పులుల అభయారణ్యం, కాబట్టి మధ్యలో ఎక్కడా పైనుంచి దారి తవ్వడానికి వీల్లేదు, రెండు చివరల నుంచే తవ్వుకు రావాలి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలింది, ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు, ఎవరూ ప్రాణాలతో బయటికి రాలేదు. వాళ్లలో ఒక్కరూ ఈ నీళ్లు తాగేవాళ్లు కారు, జార్ఖండ్, యూపీ, పంజాబ్, జమ్మూ నుంచి పనికొచ్చినవాళ్లు. ఇందులో ఎవరి తప్పెంతో తేల్చడం నా పని కాదు. కానీ ఫ్లోరైడ్ ఊళ్లవాళ్ల దాహం, పులి అడవి, పరాయి రాష్ట్రపు కూలీ ప్రాణం, ఈ మూడూ ఒకే సొరంగంలో ఎదురుపడితే ఎట్లా తూచాలో చెప్పే నీతి ఏదైనా మీ దగ్గర ఉంటే, దయచేసి ఇంగ్లిష్ జర్నల్‌లో కాకుండా మాకు అందేచోట రాయండి. లేకపోతే లేదనైనా రాయండి. అదీ పనికొస్తుంది.

నల్లమల అంటే గుర్తొచ్చింది. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం కోసం 83 చదరపు కిలోమీటర్ల మేర సర్వే చేయడానికి, నాలుగు వేల బోర్లు వేయడానికి ప్రతిపాదన ముందుకు కదిలినప్పుడు సేవ్ నల్లమల అని రాష్ట్రమంతా లేచింది. సినిమావాళ్లు ట్వీట్లు పెట్టారు, మన్ననూరులో, అమ్రాబాద్‌లో బంద్‌లు జరిగాయి, సెప్టెంబర్‌లో అసెంబ్లీ వ్యతిరేక తీర్మానం చేసింది. బ్రయాన్ నార్టన్ అనే అమెరికా తత్వవేత్త 1991లో ఒక మాట చెప్పాడు, మీకు తెలిసే ఉంటుంది: ప్రకృతి కోసం ప్రకృతి అనేవాళ్లు, మనిషి కోసం ప్రకృతి అనేవాళ్లు, దూరదృష్టితో ఆలోచిస్తే చివరికి ఒకే విధానం దగ్గరికి చేరతారు, కాబట్టి విలువల మీద కొట్లాట పనిని ఆపాల్సిన అవసరం లేదు అని. 2019లో అచ్చం అదే జరిగింది. హైదరాబాద్ వాడికి పులి కావాలి, చెంచు పెంటల్లో (అడవిలోని చెంచు గూడేల్లో) ఉండేవాళ్లకు తమ ఇల్లు, తేనె, గడ్డలు కావాలి, కింద ఉన్న రైతుకు కృష్ణ నీళ్లు పాడుకాకుండా ఉండాలి, ముగ్గురూ ఒకే బ్యానర్ పట్టుకున్నారు.

మరి తర్వాత? అదే అడవి కోర్ ఏరియాలోంచి చెంచులను బయటికి తరలించే మాట వచ్చేసరికి బ్యానర్ చిరిగింది. కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ, స్వచ్ఛందం అంటున్నారు. పులి కోసం ట్వీట్ పెట్టినవాళ్లలో చాలామందికి ఇందులో తప్పేం కనబడలేదు, ఎందుకంటే వాళ్ల బుర్రలో అడవి అంటే మనుషులు లేని అడవి. ఈ ప్రమాదాన్ని చరిత్రకారుడు రామచంద్ర గుహ 1989లోనే రాశాడు, అమెరికా నుంచి వచ్చిన మనుషుల్లేని అడవి అనే ఆదర్శాన్ని మన దేశంలో అమలు చేస్తే అది పేదల నుంచి పులులకు, పులులు చూసే పెద్దవాళ్లకు వనరులు బదిలీ చేయడమే అని. ఆయన ఆ మాట అనగలిగింది చిప్కో మీద పని చేసినవాడు కాబట్టి. అంటే ఉద్యమం దగ్గరికి పోయినవాడే సిద్ధాంతాన్ని సరిచేశాడు. మనలో విలువలు వేరువేరని 2019లోనే ఎవరన్నా కూర్చోబెట్టి చెప్పి ఉంటే, 2006 అటవీ హక్కుల చట్టం కింద చెంచుల హక్కులు తేల్చాలనే డిమాండ్ కూడా ఆ బ్యానర్ మీదే మొదటి వరసలో రాసి ఉండేవాళ్లం. గెలుపు వేడిలో ఎవరికీ తోచలేదు. ఇట్లాంటివి తోచడానికే మీకు జీతమిస్తున్నారని నా అభిప్రాయం, కోపం తెచ్చుకోకండి.

మా ఉద్యమాల వైపు ఉన్న లోటు కూడా దాచను. 2003లో నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు దగ్గర, నాగార్జునసాగర్ జలాశయం అంచున యురేనియం గని పెడతామంటే జనం అడ్డుకున్నారు, గని రాలేదు. ఇప్పటికీ ఆ పోరాటం గురించి గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ కడప జిల్లా తుమ్మలపల్లిలో గని వచ్చింది, మిల్లు వచ్చింది, వ్యర్థాల చెరువు చుట్టూ ఉన్న ఊళ్లవాళ్లు బోరు నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చెప్పుకుంటూనే ఉన్నారు. వాళ్ల కోసం నల్లగొండలో ఎన్ని ధర్నాలు జరిగాయి? మా ఊళ్లో వద్దు అనడం వేరు, ఇది తప్పు కాబట్టి ఎక్కడా వద్దు అనడం వేరు. మొదటిది భయంతో వస్తుంది, ఆ భయం న్యాయమైనదే, దాంతోనే జనం రోడ్డెక్కుతారు. రెండోది మాత్రం కూర్చుని ఆలోచిస్తే తప్ప రాదు. ఇథనాల్ కంపెనీ పక్క మండలానికి పోతే ఇక్కడ పటాకులు కాల్చే పరిస్థితి ఇప్పటికీ ఉంది.

పిల్లలమర్రి సంగతి చూడండి. మహబూబ్‌నగర్ పక్కన ఏడొందల ఏళ్ల మర్రి, చెదలు పట్టి కొమ్మ విరిగితే 2018లో దానికి మందు కలిపిన సెలైన్ బాటిళ్లు కట్టి డ్రిప్ ఎక్కించారు, దేశమంతా వార్త. ఆ చెట్టు వల్ల లాభమెంత అని ఒక్కరు కూడా అడగలేదు. హైదరాబాద్ పక్కన చేవెళ్ల రోడ్డు పొడుగునా ఉన్న తొమ్మిది వందల దాకా మర్రిచెట్ల కోసం మాత్రం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది, రోడ్డు వెడల్పుకు అడ్డమొచ్చింది కదా తీసేయాలి అన్నవాళ్లే ఎక్కువ. రెండూ మర్రులే. తేడా ఎక్కడుందో మీ పిల్లల చేత ఒక అసైన్‌మెంట్ రాయించండి, కనీసం నెట్‌లో దొరకదు.

ఒక హెచ్చరిక. మీరు వస్తే అక్కడ మీకు నచ్చని మాటలు కూడా వినబడతాయి. కంపెనీ కావాలి అనేవాళ్లంతా కొనుక్కున్నవాళ్లు కాదు. బొంబాయి, పుణె పోయి ఇరవై ఏళ్లు మట్టి మోసి వచ్చిన పాలమూరు మనిషి లేచి, "నా కొడుకు కూడా పోవాల్నా?" అని అడుగుతాడు. వాడికి భూమి నీతి గురించి ఉపన్యాసం ఇవ్వొద్దు. వాడి ప్రశ్నకు జవాబు లేని పర్యావరణ తత్వం ఏదైనా ఈ జిల్లాల్లో ఒక్క సభలో కూడా నిలబడదు, నిలబడకూడదు కూడా. మా వైపు నుంచి ఎవరన్నా వాడి మీద అరిస్తే మమ్మల్ని ఆపండి, మీ మాటైతే కొంచెం వింటారు.

ఉద్యోగం భయం ఉంటుంది, తెలుసు. ప్రభుత్వ కాలేజీల్లో ఉన్నవాళ్లకు టెన్షన్, కాంట్రాక్టు వాళ్లకు ఇంకా టెన్షన్. మైకు ముందు నిలబడలేకపోతే రాతపూర్వకంగా అభ్యంతరాలు ఇవ్వొచ్చు, అది కూడా కుదరకపోతే ముందు రోజు సాయంత్రం మా ఊళ్లో కూర్చుని మేం చెప్పేది సరైన మాటల్లో రాసిపెట్టండి, సంతకాలు మేం పెడతాం. పిల్లల్ని ఫీల్డ్ వర్క్ పేరుతో తీసుకురండి, సిలబస్సే రమ్మంటోంది కదా. ఊరికే చూసి పోయినా సరే, అక్కడ విన్నది తిరిగి మీ క్లాసులోకి పోతుంది, వచ్చే ఏడు మీరు చెప్పే పాఠం ఇంకోలా ఉంటుంది.

ముసాయిదా రిపోర్టు కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్ ఆఫీసులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో పెట్టాలి, అడిగితే చూపించాలి. మీరు వెళ్లి అడిగితే మాకన్నా తొందరగా చూపిస్తారు. ముందుగా మూడో అధ్యాయం తీయండి, స్థలంలో ఇప్పుడు ఏమేం ఉన్నాయో రాసేది అక్కడే. ఆ లెక్కలు చాలాసార్లు ఒక్క సీజన్‌వే, అదీ వానాకాలం కాని సీజన్‌వి, నిబంధనే అట్లా ఉంది. మన గుట్టల మీద గడ్డి, కుంటల్లో కొంగలు, చేన్ల గట్ల మీద తినే ఆకుకూరలు అన్నీ వానలు పడ్డాకే కదా కనబడేది, మార్చిలో కొలిస్తే నిజంగానే బీడు కనబడుతుంది. ఆ అధ్యాయం చదివేటప్పుడు మీ బోటనీ, జువాలజీ వాళ్లను కూడా వెంట పెట్టుకోండి, తర్వాత ఆ గుట్ట ఎక్కేటప్పుడు మేం వస్తాం. తొందరగా చెప్పండి, ముప్పై రోజులే ఉంటాయి, అవి సెమిస్టర్ సెలవులు చూసుకుని మొదలవ్వవు.

ఇట్లు,
మునుగోడు వైపు నుంచి, మీ దగ్గర చదువుకున్న ఒక పాత విద్యార్థి